మోకాలి కింద ఎర్ర నాలుకలు

పైవాటాలో ఉండే పూర్ణిమ ఒక చేతిలో తెల్లని పొడుగు మేజోడు, రెండో చేతిలో రంగు వెలిసిన ఎర్ర పీలిక పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, మీకు మిషన్ కుట్టుడొస్తదా?"

వస్తుందన్నాను. అది పూర్తి నిజం కాదు. దిండు గలీబుకు అంచు కొట్టగలను, అంతే. నా భార్య శ్యామలాంబ పోయి రెండేళ్లయింది. ఆమె మిషన్ పట్టేయకూడదని అప్పుడప్పుడు నూనె వేసి, దారం ఎక్కించకుండా పాత న్యూస్‌పేపర్ మీద తొక్కుతుంటాను. పేపరు నిండా బారులు తీరి చిల్లులు పడతాయి. ఆ కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు చుక్కలు చుక్కలుగా లోపలికి వస్తుంది. నా కుట్టుపని అనుభవమంతా అదే.

"గిట్లాంటివి కుట్టాలె," అని ఆ పీలికను నా చేతిలో పెట్టింది.

ఒక ఎలాస్టిక్ పట్టీకి కుట్టిన రెండు రిబ్బను తోకలవి. మోకాలి కింద మేజోడు మీద ఆ పట్టీ బిగించి, మేజోడు పైభాగాన్ని దాని మీదికి మడుస్తారు. పట్టీ కనబడదు. మడత కింది నుంచి రెండు ఎర్ర తోకలు మాత్రం పిక్క పక్కన వేలాడతాయి. వాటిని ఫ్లాష్‌లు అంటారట. పూర్ణిమ చదివే కాలేజీలో ఆడపిల్లల పైప్ బ్యాండ్ ఉంది. మోకాళ్ల దాకా గళ్ల లంగాలాంటి కిల్టు కట్టుకుని, చంకలో గాలిసంచి నొక్కుతూ బ్యాగ్‌పైపులు ఊదుతారు. నాకు నమూనాగా వచ్చిన పీలిక వాళ్ల బ్యాండ్ మాస్టర్ పేరయ్యది. మిలిటరీలో పైపు ఊది రిటైరైన మనిషి. ఒకప్పుడు తను కట్టుకున్నదాన్నే పిల్ల చేతికిచ్చి పంపాడు.

"ఈ తోకలు లేకపోతే ఊదడానికేమైనా అడ్డమా అమ్మా?"

"తోకలు కాదంకుల్, పట్టీ. పోయినేడు ఏమైందో మీకెరికే గద."

ఎరుకే. కిందటేడు కాలేజీల బ్యాండ్ పోటీలో అందరూ మేజోళ్లకు ఆఫీసు రబ్బరు బ్యాండ్లు వేసుకుని వెళ్లారు. యూనివర్సిటీ మైదానంలో మలుపు తిరుగుతుండగా పూర్ణిమ రబ్బరు తెగింది. మేజోడు మడమ మీదికి జారిపోయింది. ఊదుతూనే వంగి పైకి లాగబోయింది. సంచిలో గాలి తప్పి పైపు కీచుమంది, వెనక వరుస అడుగు తప్పింది, చూసేవాళ్లలో ఎవరో ఈల వేశారు. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల డాబా మీద సాధన చేయలేదు. ఆ నిశ్శబ్దం నాకూ కష్టంగానే గడిచింది. అంతకుముందు సాయంత్రం కాగానే పైన ఆ పైపు మొదలయ్యేది. కాలనీలో కొందరు విసుక్కునేవారు గానీ, ఇంట్లో ఒక్కడే ఉండేవాడికి నెత్తి మీద ఏదో ఒక మోత ఉండటం కూడా ఓ మంచి సంగతే.

"ఈసారి ప్రైజ్ రాకుంటే బ్యాండ్ ఎత్తేస్తమన్నది ప్రిన్సిపల్ మేడం," అంది పూర్ణిమ. "పైపులన్నీ స్టోర్ రూంల పెట్టి తాళమేస్తరట. మాస్టర్‌ను గూడ రావద్దంటరట. ఈసారి ముందు నడిచేది నేనే అంకుల్."

ఫ్లాష్‌లు సికింద్రాబాదులో కొందామనుకున్నారట. ఈలోగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ డిపోల్లో నిలబడిపోయాయి. ఆ వారమంతా దుకాణాలకూ బందే. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడిన పోటీని మాత్రం ఆదివారం జరిపి తీరతామని యూనివర్సిటీ వాళ్లు చెప్పారు.

శ్యామలాంబ ట్రంకుపెట్టె తీశాను. ఆమె కాలనీ ఆడవాళ్ల చీరలకు ఫాల్స్ కుట్టేది. పెట్టెలో చుట్టలు చుట్టలుగా ఫాల్ గుడ్డలు అలాగే ఉన్నాయి, రంగుల వారీగా సర్ది, మధ్యలో ఎండిన వేపాకు పెట్టి. రెండేళ్లయినా ఒక్క పురుగూ ముట్టలేదు.

"అబ్బ! గులాబీవి ఎన్నున్నయో!" అంది పూర్ణిమ. ఆ రోజుల్లో తార్నాకలో ఏ స్తంభం చూసినా ఉద్యమం జెండాలు, అన్నీ ఆ రంగే. "గివే కుడదామంకుల్, క్యాంపస్‌ల ఒక్కడు కూసుండడు, అందరు లేసి చప్పట్లే."

"మీ మాస్టర్ ఏమన్నారు?"

మొహం ముడిచింది. "ఫ్లాష్ అంటే ఎరుపే అన్నడు. పల్టన్ల ఎరుపే ఉంటదట."

అప్పుడే వాళ్లమ్మ భారతమ్మ డిపో దగ్గర సమ్మె టెంట్ నుంచి వచ్చింది. ఆమె ఆర్టీసీ కండక్టరు. సమ్మెలో ఉన్నా ఖాకీ చొక్కా తొడుక్కునే వెళ్లి కూర్చునేది. వాళ్లది జనగామ దగ్గర వ్యవసాయ కుటుంబం. మాది కాకినాడ వైపు. హబ్సిగూడలో లాబొరేటరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. సమ్మె మొదలైనప్పటి నుంచి మా బంధువులు ఫోన్ చేసి, "అక్కడ జాగ్రత్తగా ఉంటున్నారా?" అని అడుగుతున్నారు. భారతమ్మ రోజూ ఉదయం నా పాలప్యాకెట్ కూడా తెచ్చి తలుపు దగ్గర పెట్టి వెళ్తోందని వాళ్లకు చెప్పేవాణ్ణి.

ఆమె ఆ పీలికను రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "ఏంది సారూ గిది? మోకాలి కింద నాలుకలా? మేం రోడ్డు మీద తెలంగాణ గావాలెనని కూసుంటే, మీరు గీడ ఆంధ్ర మిషన్ మీద తెలంగాణ పోరికి నాలుకలు కుడ్తున్నరు!"

"ఆంధ్ర మిషన్ కాదు భారతమ్మగారూ, ఆబిడ్స్‌లో కొన్నదే."

"గట్లయితే కుట్టున్రి," అని నవ్వుతూ మెట్లెక్కింది.

ఎలాస్టిక్ కోసం మా వీధి చివర ఫ్యాన్సీ స్టోర్‌కి వెళ్లాను. షట్టరు దించి ఉంది. కింద జానెడు సందు. లోపల ఫ్యాను చప్పుడు.

"చంద్రయ్యా!"

"బందు సార్. తెరిస్తే పోరగాళ్లు ఊకోరు."

"ఎలాస్టిక్ కావాలి. జాకెట్టు హుక్కులు కూడా. పూర్ణిమ వాళ్ల బ్యాండుకి."

లోపల డబ్బాలు జరిపిన చప్పుడైంది. తర్వాత షట్టరు కింది నుంచి ఒక ఎలాస్టిక్ చుట్ట దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకు తగిలి ఆగింది. దాని వెనకే హుక్కుల అట్ట.

"షాపు బందే ఉన్నది సార్," అన్నాడు లోపలి నుంచి. "నేనేం ఇయ్యలే. వాటంతట అవే దొర్లినయి."

పిల్లల పిక్కల కొలతలు నేను తీయడం బాగుండదు. పూర్ణిమే అందరి కాళ్లకూ దారం చుట్టి, ముడి వేసి, పేరు రాసిన కాగితం ముక్క కట్టి తెచ్చింది. ఆ దారాల ప్రకారం ఎలాస్టిక్ కోశాను. ఒక చివర హుక్కు, రెండో చివర రెండు కాజాలు; జాకెట్టుకు పెట్టినట్టే, బిగుతైతే ఒకటి, వదులైతే ఇంకోటి. ఎర్ర ఫాల్ గుడ్డను నిలువుగా మడిచి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి, చివర చేపతోకలా కోసి, రెండేసి చొప్పున పట్టీకి కుట్టాను.

మొదటి జత చూసి పూర్ణిమ నవ్వలేక పొట్ట పట్టుకుంది. "అంకుల్, ఒక కాలుకు పెద్దనాలుక, ఒక కాలుకు చిన్ననాలుక!"

"చిన్నది సిగ్గుపడుతోందిలే అమ్మా," అని విప్పి మళ్లీ కుట్టాను. నాలుగో జతకు మిషన్ నా మాట వినడం మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రానికి అందరివీ అయిపోయాయి. బల్ల మీద వరుసగా పరిచి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను గాలికి అన్నీ ఒకేవైపు ఊగుతున్నాయి.

శనివారం ఉదయం యూనివర్సిటీ మైదానంలో చివరి సాధన. నన్నూ రమ్మన్నారు. పిల్లలు పచ్చగళ్ల కిల్టులు, తెల్లని నూలు మేజోళ్లు, వాటి పక్కన నా ఎర్ర తోకలు వేసుకుని నడుస్తుంటే నేను మేజోళ్లనే ఒక్కొక్కటిగా చూసుకుంటూ నిలబడ్డాను. ఒక్క మేజోడూ జారలేదు. పేరయ్య నా పక్కన నిలబడి, పల్టనులో ఉన్నవాడిలాగే చేతులు వెనక్కి కట్టుకుని, "పక్కా ఉన్నయి సార్," అన్నాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి దగ్గర అది పెద్ద మెచ్చుకోలే.

అంతలో జల్లు పడింది. చిన్న జల్లే. పిల్లలు ఆగకుండా మైదానం చుట్టి వచ్చారు. దగ్గరికి వచ్చాక చూశాను. ప్రతి పిల్ల కాలి మీదా, తోక కింది నుంచి మడమ దాకా, ఎర్రటి చారలు. తెల్ల మేజోళ్ల మీద దెబ్బలు తగిలి రక్తం కారినట్టుంది.

పూర్ణిమ పైపు కింద పెట్టి, పెవిలియన్ మెట్ల మీద కూర్చుని, మేజోడు విప్పి రుమాలుతో తుడిచింది. చార వెడల్పయింది.

"అయిపోయిందంకుల్," అంది, నా వైపు చూడకుండా. "పైపులు స్టోర్ రూముకే."

భారతమ్మ మాకందరికీ టెంట్ నుంచి చాయ్ ఫ్లాస్కు తీసుకుని అప్పుడే వచ్చింది. ఒక్క చూపులో అర్థమైపోయింది ఆమెకు.

"సారూ, ఫాల్ నానబెట్టిన్రా?"

"నానబెట్టడమేమిటి?"

"అయ్యో దేవుడా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఫాల్ నానబెట్టకుండ ఎవరన్న కుడ్తరా? ఉప్పునీళ్లల్ల ఏసి, రంగంత పోయినంక, ఆరేసి, అప్పుడు గద కుట్టుడు! శ్యామలాంబమ్మను సూడలేదా మీరు?"

చూశాను. ముప్ఫై ఏళ్లు మా స్నానాలగదిలో మూలన ఒక బకెట్ ఉండేది. ఒకరోజు అందులో ఎర్రనీళ్లు, ఒకరోజు నీలం. నేను దాన్ని కాలితో పక్కకు జరిపి నా నీళ్లు పట్టుకునేవాణ్ణి.

మేజోడు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఉతికితే పలచబడుతుందే గానీ పోదు. కొత్తవి ఎక్కడా దొరకవు. లాబొరేటరీలో పనిచేసినన్నాళ్లూ గాజుగొట్టాల్లో రంగులు మారడం చూసినవాణ్ణి. ఈ ఎరుపు నూలును ఇంత తేలిగ్గా పట్టుకుందంటే, మరక తీయడానికి కొట్లాడేకంటే...

"పేరయ్యగారూ, మేజోళ్లు తెల్లగానే ఉండాలని రూలుందా?"

ఆయన ఆలోచించాడు. "లేదు సార్. అందరివి ఒక్క తీరుగ ఉండాలె. గదే రూలు. మా పల్టన్ల పచ్చవి గూడ ఏసుకున్నం."

"అయితే మొత్తం అద్దేద్దాం. ఫ్లాష్‌లూ మేజోళ్లూ కలిపి ఒకే నీళ్లలో. వీటి రంగు దిగాలి, వాటికి రంగు ఎక్కాలి."

భారతమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఫ్లాస్కు కూతురి చేతిలో పెట్టింది. "వంటావార్పు గంజున్నది మా టెంట్ల. నీళ్లు కాగవెట్టేది. లేవే పూర్ణిమా, ఏడ్సుడు రేపు సూద్దం."

భారతమ్మ ఫోన్ చేసి చెప్పడంతో, మేం ఇల్లు చేరేసరికే మా వాకిట్లో మూడు రాళ్ల మీద పెద్ద గంజు ఎక్కింది. సమ్మెవాళ్లు రోడ్డు మీద వంటలు వండి నిరసన తెలిపే గుండిగ అది. దాని చుట్టూ ఖాకీ చొక్కాల మహిళా కండక్టర్లు. ఎలాస్టిక్ వేడికి పాడవుతుందని, కొందరు వరండాలో కూర్చుని నా కుట్లన్నీ బ్లేడుతో విప్పేశారు. బస్సులో టికెట్లు చింపే చేతులు కదా, ఎంత చురుగ్గా విప్పారో! పెట్టెలో మిగిలిన ఎర్ర ఫాల్స్ కూడా ముందు గంజులో వేశాం. ఉప్పు నేనే వేశాను. నీళ్లు దానిమ్మరసంలా అయ్యాక, తడిపి పిండిన మేజోళ్లన్నీ ఒకేసారి దింపి, భారతమ్మ కర్రతో తిప్పసాగింది.

"ఆపకండి," అన్నాను. "ఆగితే మచ్చలు పడతాయి."

"సారూ, నేను సిటీ బస్సుల ఇరవయ్యేండ్ల సంది నిలవడ్డ. ఈ కర్ర ఒక లెక్కనా?"

ఒక మేజోడు కర్ర కొనకు ఎత్తి చూపింది. ఒక్కసారిగా ఆడవాళ్లందరూ కేకపెట్టారు.

"అరె, గులాబీ!"

నిజం చెప్తున్నాను, ఆ నిమిషం దాకా నాకు తట్టలేదు. ఎరుపు పలచబడితే ఏ రంగు వస్తుందో, ఆ రంగు ఆ ఏడు మా ఊళ్లో ఏమిటో. కండక్టర్లు గంజు చుట్టూ చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడినట్టు తిరిగారు. పేరయ్య ఒక్కడే గోడకానుకుని మీసం దువ్వుకుంటున్నాడు.

"జడ్జి మిలిటరీ సాబ్ సార్. రాజకీయం అనుకుంటడేమో."

"అనుకోనీ మాస్టర్," అంది పూర్ణిమ. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "అన్నీ ఒక్క తీరుగ ఉన్నయి గద. గదే గద రూలు."

ఎండ కాసింది. ఆ ఎండకు నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మా డాబా నిండా గులాబీ మేజోళ్లు ఆరాయి. ఫ్లాష్‌ల ఎరుపు కాస్త తగ్గి కుంకుమరంగులోకి దిగింది. తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తే చుక్క అంటలేదు. సాయంత్రానికి మళ్లీ గంజి, మళ్లీ ఇస్త్రీ, మళ్లీ కుట్టు. ఈసారి మిషన్ దగ్గర నేనూ, ఒక కండక్టరమ్మా వంతులేసుకున్నాం. తోకలన్నీ సమానంగా వచ్చాయి.

ఆదివారం మైదానం కిటకిటలాడింది. బస్సులు లేకపోయినా బ్యాండ్లు వచ్చాయి. ఒక కాలేజీ వాళ్లు డ్రమ్ములు ఆటోల్లో వేసుకుని రామంతాపూర్ నుంచి వచ్చారు. ఇంకో కాలేజీ వాళ్లు రైల్లో మల్కాజ్‌గిరిలో దిగి, పైపులు భుజాన వేసుకుని నడిచి వచ్చారు. అందరూ బాగా ఊదారు. మాకు తేలిగ్గా దొరికే పోటీ కాదది.

మా పిల్లలు బయటికి రాగానే ప్రహరీ గోడ మీద కూర్చున్న విద్యార్థులు మెడలు చాచి చూశారు. పచ్చగళ్ల కిల్టులు, కింద గులాబీ మేజోళ్లు, మేజోళ్ల పక్కన ఎర్ర నాలుకలు. తర్వాత గోడంతా లేచి నిలబడింది. "జై తెలంగాణ" అన్న అరుపుకు చెట్ల మీది కాకులు లేచాయి.

జడ్జి నెరిసిన జుట్టున్న పొడుగాటి మనిషి. ముందు వరుసను తనిఖీ చేస్తూ వచ్చి పూర్ణిమ దగ్గర ఆగాడు. చేతికర్ర కొసతో మేజోడు చూపించాడు. నేను మైదానం చుట్టూ కట్టిన తాడుకు ఇవతలే నిలబడ్డాను, ప్రతి మాటా వినబడింది.

"ఈ కలర్ ఎందుకమ్మా?"

పూర్ణిమ తల కదపలేదు. "చీర ఫాల్ రంగు సార్. నానవెట్టకుండ కుట్టినం. వానకు దిగింది. ఒక్కటి పాడైతే అన్నిటిని అదే తీరుగ చేసినం సార్."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. వంగి, ఫ్లాష్‌ను వేలితో పట్టుకుని, మడత కింద హుక్కు తాకి చూశాడు. "ఇది జాకెట్టు హుక్కు కదూ?"

"అవ్ సార్."

"నాకు కొత్తగా పెళ్లయినప్పుడు, మా ఆవిడ చీరతో కలిపి ఉతికితే నా తెల్ల డ్రెస్ యూనిఫాం ఇదే రంగులో పెరేడ్‌కి వెళ్లింది," అన్నాడు మెల్లగా. "నా ఒక్కడిదే. అదీ వచ్చిన చిక్కు." పక్క పిల్ల దగ్గరికి నడిచాడు.

డ్రమ్ము మోగింది. సంచుల్లో గాలి నిండింది. ఆ మొదటి గుయ్యిమనే చప్పుడు వెనక పాట లేచింది. పూర్ణిమ ముందు నడుస్తోంది. మలుపు వచ్చింది, కిందటేడు మేజోడు జారిన చోటు. భారతమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. టికెట్లకు చిల్లు కొట్టే పంచ్ పట్టిన పిడికిలి, నా ఎముక నొక్కుకుపోయింది. పూర్ణిమ కుడికాలు తిప్పి, ఎడమకాలు ఎత్తి, గట్టిగా నేల మీద వేసింది. గులాబీ మేజోడు మోకాలి కిందే నిలబడింది. ఎర్ర నాలుకలు రెండూ ఒక్కసారి ఎగిరి, దిగి, పిక్కకు ఆనుకున్నాయి. వెనక వరుసలో అన్ని కాళ్లూ అలాగే తిరిగాయి.

"నిలవడ్డది సారూ!" అని అరిచింది భారతమ్మ. "నిలవడ్డది!"

మొదటి బహుమతి మా పిల్లలకే వచ్చింది. కప్పు అందుకున్నాక ప్రిన్సిపల్ మేడం పేరయ్య దగ్గరికి వచ్చి, సోమవారం నుంచి సాధన ఎన్ని గంటలకో అడిగింది. ఆయన సెల్యూట్ కొట్టాడు. సెల్యూట్ కొట్టిన చెయ్యి దించడం మరిచిపోయాడు కాసేపు.

ఇంటికి పోవడానికి బస్సుల్లేవు కదా. పిల్లలు వరుస కట్టి ఊదుకుంటూనే యూనివర్సిటీ గేటు దాటి తార్నాక రోడ్డు ఎక్కారు. ఖాళీ రోడ్డు. డిపో దగ్గర టెంట్‌లో వాళ్లంతా లేచి వచ్చారు. మా వీధిలోకి తిరిగేసరికి చంద్రయ్య షట్టరు నడుము దాకా లేపి, కింది నుంచి వంగి చూస్తున్నాడు. నేను వెనకాల సూది, దారం, ఎక్కువైన హుక్కులున్న సంచి మోసుకుంటూ నడిచాను. అడుగులు వాటంతట అవే డ్రమ్ముతో కలిశాయి. కాకినాడలో మా వాళ్లు చూస్తే ఏమనుకునేవారో.

మరుసటి రోజు పక్కింటి పద్మావతిగారు తలుపు తట్టారు. చేతిలో కొత్త చీర, దాని మీద మడిచిన ఆకుపచ్చ ఫాల్.

"అన్నయ్యగారూ, వదినగారు పోయాక ఈ వీధిలో ఫాల్ కుట్టేవాళ్లే లేరు. మీరు మొదలుపెట్టారటగా?"

కాదనడానికి నోరు తెరిచాను. పైన డాబా మీద పైపు మొదలైంది. చీర బల్ల మీద పెట్టి, ఫాల్ తీసుకుని లోపలికి వెళ్లాను. స్నానాలగది మూలన బకెట్‌లో నీళ్లు నింపి, గుప్పెడు ఉప్పు వేసి, ఫాల్‌ను అందులో ముంచాను. ఆకుపచ్చ రంగు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"రేపు రండమ్మా," అన్నాను గట్టిగా, పైపు మోతలో వినబడేలా. "ముందు ఇది నానాలి."